చక్రం కదిలితేనే జీతం

కార్మికుడు తిరుపతి పాదం తీసేసింది మీరే. దవాఖానలో డాక్టర్లు కోసింది మీరు నలిపేయగా మిగిలిన దాన్ని. వింటున్నారా, మేఘమాల ఎయిర్‌వేస్ పెద్దమనుషులూ? మీరు అద్దాల మేడలో చల్లగా కూర్చున్నారు. చిన్న ఊళ్లకు విమానాలు తిప్పడానికి ఒక పిల్ల కంపెనీని పుట్టించి దానికి 'మేఘమాల లింక్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పెద్ద కంపెనీ పైలట్లకు ఒక జీతం, అదే ఆకాశంలో ఎగిరే పిల్ల కంపెనీ పైలట్లకు ఇంకో జీతం అన్నారు. పైగా చక్రం కదిలితేనే ఇస్తామని రూలు రాశారు. ఆ రూలే ఒక కూలి మనిషి పాదం మీదికెక్కింది. ఇప్పుడు తప్పు అతనిదే అంటున్నారు. సిగ్గు లేదా?

కథ ఎక్కడుందో మరిచినవాళ్ల కోసం రెండు ముక్కలు. సింధూర మన్సూరాబాద్ పిల్ల. తాతలు పోచంపల్లిలో మగ్గం నేశారు, తండ్రి దశరథ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడుపుతున్నాడు. ఆమె నాదర్‌గుల్‌లో రెండు సీట్ల విమానంతో మొదలుపెట్టి మేఘమాల లింక్‌లో కో-పైలట్ అయింది. వారం కింద శంషాబాద్‌లో, ఆమె కో-పైలట్‌గా కూర్చుని ఉండగా, ఆగి ఉన్న విమానం ముందు చక్రానికి అడ్డంగా పెట్టిన దిమ్మెలు తీయడానికి కాంట్రాక్టు కార్మికుడు తిరుపతి వంగాడు. దిమ్మె తీయగానే చక్రం దొర్లి అతని కాలి మీదికెక్కింది. బ్రేకు వేసే ఉందని, కార్మికుడే తప్పుగా లాగాడని కంపెనీ తేల్చేసింది. బ్రేకు లేదని సింధూరకు తెలుసు. కెప్టెన్ మల్లికార్జునరావు దాన్ని వదలడం కళ్లారా చూసింది. కంపెనీలోకి పైలట్లను చేర్చుకునే శ్రవణ్‌కుమార్ ఆమెకు ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే బ్రేకు ఉందని ఒక్కమాట అంటే చాలు, పెద్ద కంపెనీలో సీటు నీదేనన్నాడు. ఆ ఫోన్ పెట్టేశాక సింధూర ఒక నిర్ణయానికి వచ్చింది. కెప్టెన్ దగ్గరికి పోవాలి, ఆయన నోటితోనే నిజం చెప్పించాలి.

పోయేముందు తండ్రికి అన్నం డబ్బా ఇవ్వడానికి దుకాణంలోకి వెళ్లింది. మధ్యాహ్నపు దిల్‌సుఖ్‌నగర్ ఎట్లుంటుందో తెలిసిందే. మెట్రో స్తంభాల నీడలో బండ్లు, కోచింగ్ సెంటర్ల నుంచి ఒక్కసారిగా బయటపడ్డ పిల్లలు, మైకుల్లో డిస్కౌంట్ల అరుపులు. అంతమంది మధ్య నడుస్తూ ఆమెకు తన చెప్పుల చప్పుడు తనకే వినిపించింది. వారం నుంచి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. కో-పైలట్ల వాట్సాప్ గ్రూపులో ఒకనాడు ధైర్యం చేసి, "ఆ రోజు బ్రేకు లేదు. నాతో ఎవరన్నా మాట్లాడుతారా?" అని పెట్టింది. అందరూ చూశారు. ఒక్కరూ పలకలేదు. కాసేపటికి ఎవరో తమ కొడుకు పుట్టినరోజు కేకు ఫొటో పెట్టారు. దానికి మాత్రం వరసగా పువ్వులు, చప్పట్లు.

దుకాణంలో దశరథ ఒకామె ముందు చీరలు పరుస్తున్నాడు. కూతుర్ని చూడగానే చీర వదిలేసి ఛాతీ విరుచుకున్నాడు.

"మా బిడ్డ. ఇమానం నడుపుతది."

"అవునా! అమెరికకు గూడ తోల్తవా బిడ్డా?" అందామె.

"లేదాంటీ. కడపకు."

"కడపకా? గా కడపకు బస్సు లేదా ఏంది?"

దుకాణమంతా నవ్వింది. సింధూర కూడా పెదవులు కదిపింది. చీరలు చూసినామె వెళ్లాక దశరథ డబ్బా మూత తీస్తూ గొంతు తగ్గించాడు.

"వారం సంది ఇంట్లనే ఉంటున్నవు. డ్యూటీ లేదా?"

"స్టాండ్‌బై నాయినా."

"అంటే?"

"తయారై కూసోవాలె. పిలిస్తే పోవాలె. పిలువకపోతే ఆ రోజుకు ఏం రాదు."

"అడ్డా మీది కూలోళ్ల లెక్కనా?" అన్నాడు దశరథ. తమాషాకే అన్నాడు. తర్వాత కూతురి ముఖం చూసి ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచాడు. "ఏమైంది బిడ్డా?"

చెప్పేద్దామనుకుంది. ఇంతలో ఇద్దరు ఆడవాళ్లు పట్టుచీరలు చూపించమని లోపలికొచ్చారు. "ఏం లే నాయినా, తిను" అని బయటపడింది.

మెట్రోలో ఎల్బీనగర్ దాకా, అక్కణ్నుంచి ఆటోలో వనస్థలిపురం. కెప్టెన్ ఇల్లు పాత కాలనీలో ఉంది. వెనకటికి ఉద్యోగస్థుల కోసం కట్టిన ఇళ్లు, గేటు పక్కన నందివర్ధనం చెట్టు. గేటు తీసిన మనిషిని ఆమె ఒక క్షణం గుర్తుపట్టలేదు. యూనిఫాంలో నల్లగా నిగనిగలాడే జుట్టు కుదుళ్ల దగ్గర తెల్లబడింది. లుంగీ, మాసిన బనీను. లోపల టీవీలో బొమ్మ ఆడుతోంది, శబ్దం లేదు. గోడ మీద భార్య సుమిత్రమ్మ ఫొటో, దండ ఎండిపోయి ఉంది. నాలుగు కుర్చీల్లో మూడింటి మీద పాత పేపర్లు. మనిషి కూర్చునేది ఒక్కదాంట్లోనేనని తెలుస్తూనే ఉంది.

"రా అమ్మా. వస్తావని తెలుసు." ఒక కుర్చీ మీది పేపర్లు నేల మీద పెట్టాడు. "పాలు విరిగిపోయాయి. నల్ల కాఫీ తాగుతావా?"

"వద్దు సార్. తిరుపతిని చూసిన్రా మీరు?"

"లేదు."

"నేను గూడ పోలే. ముఖం చెల్లక." ఆమె కూర్చోలేదు. "సార్, ఇద్దరం పోదాం. మీరు బ్రేకు వదిలిన్రని చెప్పుదాం."

మల్లికార్జునరావు తల వంచి నవ్వాడు.

"నేనొక్కణ్ణే వదిలానా సింధూరా? ఈ కంపెనీలో వదలనివాడిని ఒక్కణ్ణి చూపించు."

ఆ మాట అబద్ధం కాదు. మేఘమాల లింక్‌లో పైలట్ స్టాండ్‌బైగా ఇంట్లో కూర్చుంటే జీతం లేదు. ఎయిర్‌పోర్టుకొచ్చి వాతావరణం చూసుకుని, విమానం చుట్టూ తిరిగి, ప్రయాణికులను ఎక్కించుకున్నా లేదు. తలుపులు మూసి, పొగమంచు తొలగేదాకా సీట్లో బిగుసుకుని కూర్చున్నా లేదు. తలుపులు మూశాక పార్కింగ్ బ్రేకు ఎప్పుడు వదిలితే అప్పుడు కంప్యూటర్‌లో జీతం గడియారం మొదలవుతుంది. గమ్యంలో మళ్లీ బ్రేకు వేయగానే ఆగిపోతుంది. ఆ మధ్యదే పని, మిగతాదంతా ఊరికే చేసిన ఊడిగం. అందుకని పైలట్లు ఒక ఉపాయం కనిపెట్టారు. చక్రాలకు దిమ్మెలు ఎట్లాగూ అడ్డం ఉంటాయి కాబట్టి, తలుపు మూయగానే బ్రేకు వదిలేసి కూర్చుంటారు. ఎంత ఆలస్యమైనా గడియారం తిరుగుతుంది. బయల్దేరే అనుమతి వచ్చి దిమ్మెలు తీసేటప్పుడు కెప్టెన్ కాళ్ల కింది బ్రేకు పెడల్స్ తొక్కిపట్టి విమానాన్ని నిలబెడతాడు. కొత్తగా చేరినవాళ్లకు సీనియర్లు మొదటి వారంలోనే చెవిలో ఊదే మంత్రమిది. ఏ పాఠంలోనూ ఉండదు. కంపెనీకి అంతా తెలుసు. జీతం పెంచడం కంటే కళ్లు మూసుకోవడం చవక కాబట్టి మూసుకుంది.

"అందరు వదుల్తరు సార్. కానీ అందరు పెడల్స్ తొక్కిపడ్తరు. మీరు రోజూ తొక్కిపడ్తరు. ఆ రోజు మీ కాళ్లు ఏడున్నయి?"

కెప్టెన్ టీవీ వైపు చూశాడు. అందులో ఎవరో ఆవిడ వంకాయలు తరుగుతోంది.

"నిద్రపోయాను" అన్నాడు.

సింధూర వెళ్లి టీవీ ఆపేసింది.

"తెల్లవారకముందే రమ్మన్నారు కదా. ముందురోజు మధ్యాహ్నం నుంచి బట్టలేసుకుని స్టాండ్‌బైలోనే ఉన్నాను, కన్ను మూయలేదు. అలసిపోయానని చెప్తే ఏం జరుగుతుందో నీకూ తెలుసు. ఆ రోజు జీతం పోతుంది, పై నెల డ్యూటీలు సగమవుతాయి. రెండు ట్రిప్పులు లాక్కొచ్చాను. మూడోదానికి అనుమతి ఆలస్యమన్నారు. బ్రేకు వదిలి, కళ్లు మూసుకోలేదమ్మా, ఊరికే తల వెనక్కి వాల్చాను. అంతే గుర్తుంది."

ఆమెకూ గుర్తుంది. వాలిన ఆ తల చూసి, పాపం పడుకోనీ అనుకుంది. బీదర్ ట్రిప్పులో తను కునికిపాట్లు పడినప్పుడు ఆయనా లేపలేదు. ఆమె బాటిల్ మూత కింద పడితే చప్పుడు కాకుండా తీసి పెట్టాడు. ఒకరి నిద్రను ఒకరు కాచుకోవడం, ఆ కంపెనీలో మనిషికి మనిషి చేయగల సాయం అదొక్కటే.

"రేడియోల అనుమతి వచ్చింది, నేనే జవాబు చెప్పిన" అంది మెల్లగా. "తర్వాత మిమ్మల్ని లేపిన. లేపిన కద సార్?"

"లేపావు."

"మరి?"

"సైగ చేశాక లేపావు. నేను కళ్లు తెరిచేసరికే విమానం కదిలింది."

"ఏం సైగ?"

మల్లికార్జునరావు లేచి నిలబడ్డాడు. రెండు అరచేతులు బయటికి తిప్పి, మణికట్లు ముఖం ముందు ఒకదానిమీదొకటి పెట్టి, చేతులు పక్కలకు విడదీశాడు. దిమ్మెలు తీసెయ్యమని కిందివాళ్లకు పైలట్ చేసే సైగ.

హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడే గ్రౌండ్ ఇంజనీరు ఒకప్పుడు ఉండేవాడు. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ అతన్ని తీసేసింది. అప్పటి నుంచి అంతా చేతి సైగలే. పద్ధతి ప్రకారం పైలట్ ముందు చెయ్యెత్తి పిడికిలి బిగించి చూపాలి, బ్రేకు వేశానని. ఆ తర్వాతే దిమ్మెలు తీయమనాలి. బ్రేకు వదిలేసి కూర్చున్న పైలట్ పిడికిలి చూపితే అబద్ధమవుతుంది. అందుకని మేఘమాల లింక్‌లో అందరూ పిడికిలి చూపడమే మానేశారు. కిందివాళ్లు కూడా దానికి అలవాటు పడిపోయారు.

"బాగా ఆలోచించుకో అమ్మా. తిరుపతి ఎటు నిలబడ్డాడు? నా కిటికీ వైపా, నీ కిటికీ వైపా?"

వారం నుంచి సింధూర కళ్ల ముందు ఆడుతున్నది ఒకటే బొమ్మ: కెప్టెన్ చెయ్యి, బ్రేకు మీట. ఇప్పుడు దాని వెనక నుంచి ఇంకో బొమ్మ లేచింది. ఎండకు కళ్లు చికిలించి పైకి చూస్తున్న తిరుపతి. అతను తలూపాడు. తలూపి వంగాడు. ఎవరికి తలూపాడు? ఆమె చేతులు ఆ పని ఎన్నిసార్లు చేశాయంటే, ఇంట్లోంచి వస్తూ ఫ్యాను ఆపడం ఎట్లా గుర్తుండదో అదీ అట్లాగే గుర్తులేకుండా పోయింది.

"నేనే" అంది. "నేనే ఊపిన."

"నీ పేరు నేను ఎక్కడా చెప్పలేదు. చెప్పను కూడా." ఆయన మళ్లీ కూలబడ్డాడు. "నాకింక ఏడాది సర్వీసు లేదు. నువ్వు చిన్నదానివి, లైసెన్సు పోతే మళ్లీ రాదు. నీకు పెద్ద కంపెనీలో సీటు ఇస్తామన్నారని విన్నాను, తీసుకో. వెళ్లిపో ఇక్కణ్నుంచి."

"బ్రేకు ఎప్పుడు వదిలినమో వాళ్ల కంప్యూటర్‌కు తెల్సు కద సార్?"

"ఎందుకు తెలీదు? దాంతోనేగా జీతం కట్టేది. అది బయటపెడితే, మనం ఎందుకు వదులుతున్నామో కూడా బయటపెట్టాలి. అందుకే మనకంటే వాళ్లే గట్టిగా నోరు మూసుకున్నారు."

"అయితే మనం నోరు దెరుద్దాం సార్. ఇద్దరం పోదాం. మీరు నిద్రపోయింది చెప్పుండ్రి, నేను చెయ్యి ఊపింది చెప్త. ఇంట్లకెళ్లి బయల్దేరిన కాన్నుంచి జీతం కట్టియ్యాలె, హెడ్‌సెట్ మనిషిని మళ్ల తేవాలె అని అడుగుదాం. మిగతా పైలట్లు గూడ వస్తరు."

"వస్తారా?" మల్లికార్జునరావు ఆమె ముఖంలోకి చూశాడు. "నా పాత కంపెనీ మూతపడ్డప్పుడు జీతాల కోసం ధర్నా చేశామమ్మా. మొదటి రోజు టెంటు చాలక ఎండలో నిలబడ్డారు జనం. రోజుకు కొంతమంది చొప్పున తగ్గిపోయారు. చివరికి నేనూ, టెంటు అద్దెకిచ్చినవాడూ మిగిలాం. వాడు కూడా టెంటు కోసమే ఉన్నాడు."

ఆమెకు నవ్వు రాలేదు. గేటు దాకా వచ్చేసింది. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "సింధూరా, అన్నం వండాను. ఇద్దరికి సరిపోతుంది. తిని వెళ్లొచ్చు కదా?"

ఆగితే ఆ ఇంట్లో ఆ మౌనంలో తనకూ ఒక కుర్చీ ఖాయమైపోతుందనిపించింది. ఆగలేదు. ఆటో మలుపు తిరిగేదాకా ఆయన గేటు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

చింతల్‌కుంట దాటుతుండగా ఫోన్ మోగింది. శ్రవణ్‌కుమార్. నాదర్‌గుల్‌లో ఆమెతోపాటే విమానం నేర్చుకున్నవాడు, ఉద్యోగం దొరక్క కంపెనీ ఆఫీసులో చేరి, ఇప్పుడు తనలాంటి వాళ్లకే ఆశలు చూపి చేర్చుకుంటున్నాడు.

"సింధూ, ఏడున్నవ్? పెద్ద కంపెనీల నీ ట్రైనింగ్ డేట్ వచ్చింది. మిఠాయి ఎప్పుడు తినిపిస్తవ్?"

"నువ్వేడున్నవ్?"

"ఎల్బీనగర్‌ల, దవాఖాన కింద కార్ల కూసున్న. తిరుపతోళ్లతోని మాట్లాడాలె. తప్పు నాదే అని ఆయన ఒక్కసారి నోటితోని అన్నడనుకో, మా తరఫు నుంచి ఏదో సాయం జేసి ఇయ్యాలనే ఖతం జేస్తం. నువ్వు పరేషాన్ గాకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. "ఎల్బీనగర్ దవాఖాన కాడికి పోనియ్యి అన్నా" అంది ఆటో అతనితో.

వార్డు బయట వరండాలో ఒకామె నేల మీద కూర్చుని ఉంది. పక్కన గంజి క్యాను, ఒళ్లో సగం ఫాల్ కుట్టిన చీర. మొగుడు దవాఖానలో ఉన్నా దుకాణంవాడికిచ్చిన మాట తప్పేది లేదు కాబట్టి సూది ఆగలేదు. తిరుపతి భార్య యాదలక్ష్మి.

"అక్కా, నేను సింధూర. ఆ రోజు ఇమానంల ఉన్న."

సూది ఆగింది. యాదలక్ష్మి తడబడి లేచింది. "మేడమ్, కూసోండ్రి. కుర్చీ తెస్త."

"వద్దక్కా." ఆమె తనూ నేల మీదే కూర్చుంది. దారంతా ఎంచుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "బ్రేకు లేకుండె, జీతం కోసం ముందే వదిలేస్తం మేము. కెప్టెన్ సార్ నిద్రపోయిండు. దిమ్మెలు తియ్యమని చెయ్యి ఊపింది నేను. చూసుకోకుండ ఊపిన. మీ ఆయన తప్పేం లేదు."

యాదలక్ష్మి ఏడవలేదు, అరవలేదు. మళ్లీ తన చోట కూర్చుని చీర ఒళ్లోకి తీసుకుంది.

"ఎట్ల ఊపినవ్?" అంది. 'మేడమ్' అన్న పిలుపు పోయింది. "చేసి చూపియ్యి."

సింధూర చేతులు లేచాయి. ముఖం ముందు కలిశాయి, విడిపోయాయి. వరండాలో పోతున్న నర్సు ఒకామె వింతగా చూసి వెళ్లిపోయింది.

"గంతేనా?"

"గంతే."

"వారం సంది మా ఆయన గదే చెప్తుండు. మేడమ్ చెయ్యి ఊపింది, నేను తీసిన అని. కంపెనోళ్లు ఇనలే. మందుల మత్తుల ఏదో ఒదుర్తుండన్నరు. మా బావ గూడ గట్లనే అన్నడు. నిన్న రాత్రి నన్ను లేపి అడిగిండు, 'యాదీ, నేను నిజంగనే చూసిన్నా, కలగన్ననా?' అని. నేనేమన్ననో ఎరుకనా?" ఆమె చీర మీంచి కళ్లెత్తింది. "పండుకో, కలనే అయ్యుంటది అన్న. సొంత పెండ్లాన్ని, నేనే నమ్మలే. కాలు పోయింది సరే. ఆయన కండ్లు గూడ ఆయనకు లేకుండ జేసిన్రు కద మీరు!"

సింధూర రెండు చేతులూ ఆమె వైపు చాచింది. యాదలక్ష్మి పట్టుకోలేదు.

"అక్కా, నన్ను..."

"తప్పైందని అంటవు. నాకు చెప్పి, నీ మనసు అల్క జేసుకొని ఇంటికి పోతవు. రేపు పెద్ద ఇమానం ఎక్కుతవు. గట్ల పోనియ్య." ఆమె చీరలో సూది గుచ్చి పక్కన పెట్టి లేచింది. వార్డు తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. లోపల చివరి మంచం మీద, కిటికీ వైపు తిరిగి పడుకున్న మనిషి వీపు కనిపిస్తోంది. మెట్ల కింది నుంచి బూట్ల చప్పుడు, శ్రవణ్‌కుమార్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ పైకి వస్తున్నాడు.

"లే. ముందుగాల లోపటికొచ్చి ఆయన ముఖం చూసి చెప్పు, నువ్వు చూసింది నిజమే అని. గా కంపెనోడు పైకొస్తుండు, వాని ముందల ఇంకోసారి చెప్పు. మీరు బ్రేకు ఎందుకు వదుల్తరో గది గూడ చెప్పు. రేపు గీపు అనకు. ఇయ్యాలనే, ఇప్పుడే. నడువు!"